నేల ఉసిరికీ ఒక పదును ఉంది
ఇంట పెంచిన ఓషధులను ఆరబెట్టి నిలువ చేసుకొనే విధానం

భాద్రపదం ప్రవేశించగానే కోసిగి పరిసరాలలోని వేరుశెనగ చేలలో, గట్ల అంచులలో, ఇళ్ల వెనుక దొడ్లలో నేల ఉసిరి గుబురుగా మొలుస్తుంది. జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు పెరిగే ఈ మొక్క రెమ్మల అడుగున చిన్న చిన్న కాయలు ఉసిరికాయల వలె వరుసగా వ్రేలాడుతూ ఉంటాయి. సంస్కృతంలో దీనిని భూమ్యామలకి అన్నారు. కామెర్లు అనగానే మన ఇళ్లలో పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేది ఇదే. ఆశ్వయుజం వెళ్లేసరికి ఈ మొక్క ఎండి రాలిపోతుంది. కనుక ఏడాది పొడుగునా ఇంట ఉండాలని కోరుకొనే గృహిణులు వానల నడుమనే దీనిని పెరికి, ఆరబెట్టి, డబ్బాలకు ఎత్తి పెడతారు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. మొక్క చేతికి వచ్చే కాలమూ, గాలిలో తేమ అధికంగా ఉండే కాలమూ ఒక్కటే. తొట్టిలో తులసి పెంచడమెలా, పెరటిలో నేలవేము నాటడమెలా అని చెప్పే వ్యాసాలకు కొదువ లేదు. పెంచిన దానిని ఏ విధంగా ఆరబెట్టాలి, ఎంత తేమ వద్ద మూత బిగించాలి అన్న విషయాన్ని మాత్రం ‘నీడన ఆరబెట్టి గాలి చొరని సీసాలో భద్రపరచండి’ అన్న ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఆ ఒక్క వాక్యం చాలకపోవడం వలన మా ఇంట జరిగిన ఒక సంగతిని ముందుగా మనవి చేస్తాను.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్నీ, కర్నూలు నగరాన్నీ ముంచెత్తిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా పుట్టిల్లు కోసిగిలో నదికి దూరంగా ఉన్నందున నీరు రాలేదు. కాని విడువని వానకు మట్టి మిద్దె నాని, గవాక్షి గుండా జల్లు కొట్టి, నాపరాతి నేల పక్షం దినాలు చెమ్మగిల్లే ఉన్నది. అమ్మ ఆ ఏడు వినాయక చవితి తరువాత కోసిన నేల ఉసిరిని రెండు దినాలు చాప మీద పరచి, ఆకు ముట్టుకుంటే గలగలమన్నదని రేకు డబ్బాలో కూరి, మూత బిగించి అటక మీద పెట్టింది. దీపావళికి ముందు మా చిన్నాయన కుమారునికి కామెర్లు వచ్చాయి. అమ్మ ఆ డబ్బా దించి, మూడు దినాలు ఉదయమూ సాయంత్రమూ కషాయం కాచి ఇచ్చింది. నాలుగవ దినాన నేను వెళ్లి డబ్బా మూత తీయగానే మట్టి వాసన, ముక్కిన వాసన కలిసి కొట్టాయి. కాడల కణుపుల వద్ద పసుపు పచ్చని బూజు పొడి వలె అంటి ఉన్నది.

“పైపైన దులిపేసినాలేమ్మా. ఎట్లా మరిగించేదే గదా, ఏం గాదు” అన్నది అమ్మ.

తమ్మునికి వాంతులు హెచ్చి ఆదోనిలో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అక్కడి వైద్యులు ఇంట ఏమేమి త్రాగించారో అడిగి, వెంటనే ఆపించారు. నెల దినాలకు కోలుకున్నాడు. అతని జబ్బు ముదరడానికి ఆ బూజే కారణమని ఎవరూ నిర్ధారించి చెప్పలేదు. కామెర్లు తమంత తామే ముదిరే జబ్బు కూడా. అయినా అమ్మ ఆ డబ్బాను మరల వాడలేదు. కాలేయం చెడినవానికి, కాలేయాన్నే చెరచగల బూజును మందు పేరుతో త్రాగించానేమో అన్న బాధ ఆమెను చాలా కాలం వదలలేదు.

బూజును దులిపితే పోదు, కాచితే దాని విషం చావదు

అమ్మ చెప్పిన రెండు మాటలూ మన ఇళ్లలో తరచుగా వినవచ్చేవే. రెండూ పొరపాటే.

కంటికి కనబడే బూజు ఆ శిలీంధ్రపు పైభాగం మాత్రమే. దాని పోగులు కాడ లోనికి, వేరు లోనికి చొరబడి ఉంటాయి. పసుపు పచ్చగానో, ఆకుపచ్చగానో కనబడే ‘ఆస్పెర్జిల్లస్ ఫ్లేవస్’ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు వాటికి మేపిన వేరుశెనగ పిండిలో దీనిని కనుగొన్నారు. ఆ పిండి బ్రెజిల్ దేశం నుండి వచ్చినది. వేరుశెనగ ప్రధాన పంటగా గల మన ప్రాంతీయులకు ఈ పేరు వ్యవసాయ అధికారుల నోట వినబడుతూనే ఉంటుంది. అయితే వేరుశెనగ కాయకు పట్టే బూజు మూలికకు కూడా పట్టగలదన్న ఆలోచన మాత్రం మనకు రాదు.

మన దేశంలో దీని తీవ్రత 1974లో బయటపడింది. గుజరాత్ లోని పంచమహల్, రాజస్థాన్ లోని బాంస్వాడా జిల్లాల గిరిజన గ్రామాలలో కోత సమయాన అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని అనేకులు కామెర్ల పాలైనారు. వారిలో 106 మంది మరణించారు. వారితో పాటు అదే తిండి తిన్న కుక్కలు కూడా చనిపోయాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఆ గ్రామాలకు వెళ్లి పరిశోధించి, కారణం అఫ్లటాక్సిన్ అని 1975లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. నీరు మరిగే వేడికి ఈ విషం నశించదు. కనుక నాలుగవ వంతుకు ఇగిరేలా కాచిన కషాయంలో కూడా అది నిలిచే ఉంటుంది. శొంఠి, అతిమధురం వంటి వేళ్లకూ దుంపలకూ పట్టే మరికొన్ని బూజులు మూత్రపిండాలను బాధించే ఓక్రటాక్సిన్ ను పుట్టిస్తాయి.

ఇక నేల ఉసిరి విషయం. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వ్యాధిని మోస్తున్నవారికి ఈ మొక్క చూర్ణమిచ్చి మంచి ఫలితాలు చూశామని అదే లాన్సెట్ పత్రికలో వ్రాయగా ప్రపంచమంతటా ఆసక్తి రేగింది. తరువాత ఇతర దేశాలలో జరిగిన పరీక్షలలో అంతటి ఫలితం కనబడలేదు. కాబట్టి కామెర్లు వచ్చినప్పుడు రక్త పరీక్ష చేయించి వైద్యుని సలహా పొందడం ప్రథమ కర్తవ్యం. నేల ఉసిరి దానికి ప్రత్యామ్నాయం కాదు. వైద్యుని అనుమతితో వాడదలచినా, బూజు పట్టిన మూలికను వాడడం కన్న ఏ మూలికనూ వాడకపోవడమే మేలు.

పదును అనగా ఏమి

పశ్చిమ కర్నూలు రైతుకు పదును అన్న మాటను విడమరచి చెప్పనక్కర లేదు. వాన వెలిసిన తరువాత పిడికెడు మట్టి తీసి ఒత్తి చూస్తాడు. ముద్ద అంటుకొని జారితే ఇంకా తడి ఎక్కువ. ముద్ద కట్టకనే రాలిపోతే పదును ఆరిపోయింది. ముద్ద కట్టి, వ్రేలితో తాకగానే విడిపోతే విత్తనానికి తగిన అదును. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు కూడా ఈ సంగతి తెలుసు. బ్యారన్ లో కాల్చిన ఆకు తొలుత పెళుసుగా ఉంటుంది. అలాగే తాకితే పొడి అవుతుంది. దానికి కొంత చల్లని తేమగాలి తగిలి మెత్తబడిన తరువాతనే మండెలు కడతారు. తేమ ఎక్కువైతే అదే ఆకు మండెలో వేడెక్కి కుళ్లుతుంది.

ఓషధికీ ఇటువంటి పదునే ఉన్నది. మూలికలో నీరు బొత్తిగా లేకపోవడం మన లక్ష్యం కాదు. బూజు పెరగడానికి చాలనంత తక్కువగానూ, పరిమళ తైలాలు ఎగిరిపోకుండా, ఆకు నుసి కాకుండా ఉండేటంత ఎక్కువగానూ నీరు ఉండాలి. దీనిని కొలవడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. మూత బిగించిన సీసాలో మూలికకూ, దాని చుట్టూ ఉన్న గాలికీ నడుమ తేమ ఇచ్చిపుచ్చుకోవడం జరిగి, ఒక దినంలో రెండూ సమస్థితికి వస్తాయి. అప్పుడు సీసాలోని గాలి తేమను కొలిస్తే మూలిక పదును తెలిసిపోతుంది. ఆ గాలిలో తేమ 65 శాతం లోపల ఉంటే సాధారణ బూజులు పెరగలేవు. 70 దాటితే ప్రమాదం మొదలవుతుంది. తులసి, పుదీన వంటి పరిమళ పత్రాలకు 55 నుండి 62 శాతం వరకు అనుకూలమైన స్థితి. నేల ఉసిరి, నేలవేము వంటి పరిమళం లేని చేదు మూలికలకు 50 శాతమైనా నష్టం లేదు.

అమ్మ చేతికి ఆకు గలగలమని తోచింది నిజమే. ఆకు రెండు దినాలలో ఎండుతుంది, కాడ ఎండదు. మూత పెట్టిన తరువాత కాడలోని నీరు ఆకుకు, గాలికి వ్యాపించి డబ్బా అంతా తేమ అయింది. చేతి స్పర్శకు పై ఆకు మాత్రమే తెలుస్తుంది, కాడ లోపలి తడి తెలియదు.

వయొలిన్ పెట్టెలో నుండి వచ్చిన పొట్లం

కొన్నేళ్ల క్రిందట కెనడా నుండి వచ్చిన మా తమ్ముని కుమార్తె వయొలిన్ పెట్టెలో అరచేతి కన్న చిన్నదైన ఒక గోధుమ రంగు కాగితపు పొట్లం చూశాను. దానిపై 49 అన్న అంకె ఉన్నది. “అత్తా, ఇది చెక్క పగలకుండా పెట్టుకుంటాం. గాలి పొడిగా ఉంటే తేమ ఇస్తుంది, తేమగా ఉంటే పీల్చుకుంటుంది” అన్నది. ఇచ్చేదీ తీసుకునేదీ ఒకటే పొట్లమా అని ఆశ్చర్యపడ్డాను.

అందులోని రహస్యం మన వంటింటి ఉప్పుకు దగ్గరిదే. నీటిలో ఇక కరగనంతగా ఉప్పు కలిపిన ముద్దను మూసిన పాత్రలో ఉంచితే, ఆ పాత్రలోని గాలి తేమ 75 శాతం వద్ద నిలుస్తుంది. తేమ ఎక్కువైతే ముద్ద పీల్చుకుంటుంది, తగ్గితే వదులుతుంది. ఒక్కొక్క లవణానికి ఒక్కొక్క అంకె. మెగ్నీషియం క్లోరైడుకు అది 33 వద్ద ఉంటుంది. తగిన లవణ ద్రావణాన్ని చిక్కబరచి, ఆవిరిని మాత్రమే పోనిచ్చి నీటిని పోనివ్వని పొరలో మూస్తే అదే ఈ తేమ పొట్లం. అమెరికాలో 1990ల చివర చుట్టల పెట్టెల కోసం వీటిని తయారు చేశారు. తరువాత వాద్యాలకు, ఆ పైన గంజాయి ఆకుకు వచ్చాయి. నేడు బోవేదా వంటి కంపెనీలు 58, 62 అంకెలతో అమ్ముతున్న పొట్లాలు ప్రధానంగా ఈ చివరి ఉపయోగానికి ఉద్దేశించినవే. కెనడాలో 2018 అక్టోబరు 17 నుండి గంజాయి చట్టబద్ధమైనది. చాలా రాష్ట్రాలలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకొనే అనుమతి ఉన్నది. అక్కడి వారు కోసిన పుష్ప గుచ్ఛాలను పది పన్నెండు దినాలు నీడన ఆరబెట్టి, సీసాలకు ఎత్తి, దినమూ కాసేపు మూత తీసి గాలి మార్చుతూ కొన్ని వారాలు పదును పట్టించి, చివర ఈ పొట్లం వేస్తారు.

మన దేశంలో ఆ మొక్క మాటే వేరు. ఆయుర్వేద గ్రంథాలలో విజయ, భంగ అన్న పేర్లతో దానికి స్థానం ఉన్నా, శోధన చేసిన తరువాతనే వాడమన్నారు. మన ఔషధ నియమాలలో అది విషద్రవ్యాల పట్టికలో చేరి ఉన్నది. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్కను పెంచడం నేరం. పది సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పెరటిలో ఒక్క మొక్కే గదా అన్న వాదన చెల్లదు. కనుక ఆ మొక్కతో మనకు పని లేదు. కాని దాని కోసం వారు పాటించే క్రమం, ఆరబెట్టడం వేరు, పదును పట్టించడం వేరు, నిలువ చేయడం వేరు అన్న వివేకం మన తులసికీ, నేల ఉసిరికీ అక్షరాలా వర్తిస్తుంది. మన ఇళ్లలో ఈ మూడింటినీ ఒకే మూతతో ముగిస్తున్నాము.

ఆరబెట్టే విధానం

మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక మునుపు మూలికను కోయాలి. వేళ్ల మట్టిని దులిపి, నీటిలో ఒకటి రెండు మార్లు ముంచి తీసి, నీరు కారేదాకా తలక్రిందులుగా వ్రేలాడదీయాలి. నానబెట్టరాదు. పండుటాకులు, పురుగు తిన్న రెమ్మలు అప్పుడే ఏరివేయాలి. ఆ పైన పిడికెడు కన్న లావు కాని చిన్న కట్టలుగా కట్టి, గాలి ఆడే గదిలో దండెం మీద కట్టకూ కట్టకూ జానెడు ఎడముతో వ్రేలాడదీయాలి. వాన దినాలలో పంకా నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. నేలపై చాప పరచి ఆరబెట్టడం వానకాలంలో పనికిరాదు. నాపరాతి నేల రాత్రి పూట చెమ్మను పైకి ఇస్తుంది. పరచక తప్పనివాటిని నవారు మంచం మీద పలుచని తెల్ల గుడ్డ వేసి పరచండి. అడుగు నుండి కూడా గాలి తగులుతుంది.

ఎమ్మిగనూరు ప్రాంతంలో కొందరు మిద్దె మీది ఎండలోనే అన్నిటినీ వేస్తారు. మిరపకాయకు అది తగును. తులసికీ, పుదీనకూ తగదు. వాటి గుణమంతా ఎగిరిపోయే తైలంలోనే ఉన్నది. వేసవిలో మా సీమ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే నీడన వేసిన తులసి కూడా రెండు దినాలలో నలిపితే నుసి అవుతుంది. కాబట్టి చైత్ర వైశాఖాలలో తులసిని ముందుగానే సీసాకు ఎత్తాలి. భాద్రపదంలో నేల ఉసిరిని ఆలస్యంగా ఎత్తాలి. ‘ఇన్ని దినాలు’ అని అన్ని కాలాలకూ ఒకే లెక్క చెప్పేవారి మాట నమ్మకండి.

ఆరినదని తెలుసుకోవడానికి ఆకును కాదు, కాడను పరీక్షించాలి. లావైన కాడను వంచితే పుటుక్కున విరగాలి. వంగి నార తేలితే ఇంకా తడి ఉన్నది. ఇంట చిన్న త్రాసు ఉన్నవారు ఒక కట్టను దినమూ ఒకే వేళ తూచి చూడవచ్చు. పచ్చి మొక్క ఎండేసరికి సుమారు పావు వంతుకు తగ్గుతుంది. వరుసగా రెండు దినాలు బరువు మారకుంటే, ఆ గదిలో అంతకు మించి ఆరదని అర్థం. గది గాలే తేమగా ఉన్న ముసురు దినాలలో ఆ మాత్రం చాలదు. అప్పుడు ఎండ పొడసూపే వరకు ఆగి, పలుచని గుడ్డ కప్పి రెండు మూడు గంటలు వెచ్చని ఎండ తగలనివ్వాలి.

సీసాలో పదును పట్టించడం

శుభ్రమైన, పూర్తిగా ఆరిన గాజు సీసా తీసుకొని మూడింట రెండు వంతులు మాత్రమే నింపండి. కూరవద్దు. అందులో చిన్న తేమ మీటరు ఒకటి ఉంచండి. గడియారమంత ఉండే ఈ అంకెల మీటర్లు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. చవక మీటర్లు ఐదారు అంకెలు తప్పు చూపడం మామూలే కనుక వాడే ముందు పరీక్షించుకోవాలి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీటితో తడి ఇసుక వలె చేయండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. దానిని, మీటరును ప్రక్క ప్రక్కన ఒక పెద్ద సీసాలో ఉంచి, మూత బిగించి ఒక దినం ఆగండి. మీటరు 75 చూపాలి. 79 చూపితే అది ఎప్పుడూ 4 ఎక్కువ చూపుతుందని కాగితం మీద వ్రాసి దానికే అంటించుకోండి. ఈ ఉప్పు ముద్దను పరీక్షకే వాడాలి సుమా, మూలికల సీసాలో ఉంచరాదు. 75 శాతం బూజుకు అనుకూలమైన తేమ.

మూలికలు నింపిన సీసాను ఒక దినం ఉంచి మీటరు చూడండి. 65 దాటితే వెంటనే అంతా బయటకు తీసి మరల ఆరబెట్టాలి. జాప్యం వద్దు. 60 ప్రాంతంలో ఉంటే మొదటి వారం దినమూ పావుగంట సేపు మూత తీసి, సీసాను ఒకసారి తిరగవేసి, మరల మూయండి. ముసురు పట్టిన దినాన మాత్రం మూత తీయకండి. బయటి గాలే లోనికి తేమ తెస్తుంది. రెండవ వారం నుండి మూడు దినాలకు ఒకసారి చాలు. మూత తీయగానే పచ్చిగడ్డి వాసన పోయి ఆ మూలిక సహజ వాసన నిలిచినప్పుడు పదును పట్టినదని గ్రహించాలి. వాసన ఎప్పుడైనా పుల్లగా, మట్టిగా, అమోనియా వలె తోచితే ఆ సీసాను పారవేయవలసినదే. పశువులకు కూడా వేయవద్దు.

ఇక పొట్లాల విషయం. తేమ పొట్లం ఆరబెట్టే సాధనం కాదు. తడి మూలికలో వేస్తే తన శక్తి మేరకు పీల్చి, తాను నిండి, ఊరకుంటుంది. బూజు యథాప్రకారం వస్తుంది. పదును కుదిరిన తరువాత దానిని నిలపడానికే అది పనికివస్తుంది. ఎనిమిది గ్రాముల పొట్లం సుమారు 30 గ్రాముల మూలికకు సరిపోతుంది. మెత్తగా ఉన్నంత కాలం పనిచేస్తుంది. రేకు వలె బిగుసుకుపోతే దాని పని ముగిసింది. నా అభిప్రాయంలో నేల ఉసిరి, నేలవేము, త్రిఫలాలకు దీని అవసరం లేదు. తులసి, పుదీన, మరువం వంటివాటికి, అదీ మా సీమ వేసవిలో, ఇది ఉపయోగకరం.

చేదు మూలికలకు వానకాలమంతా తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం చాలు. దానిలో నీలి రంగు గుళికలు కొనకండి. ఆ రంగు కోబాల్టు లవణం వలన వస్తుంది, అది విషం. తేమ పీల్చినప్పుడు కాషాయం నుండి వేరు రంగుకు మారే గుళికలు దొరుకుతాయి. గుళికలు మూలికలో కలవకుండా గుడ్డ సంచిలో కట్టి వేయాలి. పూర్వం కొందరు డబ్బా అడుగున రాతి సున్నం వేసి, పైన జల్లెడ పెట్టి, దానిపై మూలికలు ఉంచేవారు. తేమను అది బలంగానే లాగుతుంది గాని, నీరు తగిలితే పొక్కులెక్కేంత వేడి పుడుతుంది. పసిపిల్లలున్న ఇంట వద్దు.

చరకుని అల్మారా

మందులు నిలువ చేసే గదిని గురించి చరక సంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో వివరంగా ఉన్నది. తూర్పుకో, ఉత్తరానికో ద్వారమున్న గదిలో, పెనుగాలి కొట్టని చోట, నిప్పు, నీరు, ఆవిరి, పొగ, దుమ్ము, ఎలుకలు, పశువులు చేరకుండా, బాగుగా మూతపెట్టి ఉట్టి మీద ఉంచమన్నారు. నీటితో పాటు ఆవిరిని వేరుగా పేర్కొనడం గమనించండి. మన వంటిళ్లలో మూలికల సీసాలు ఎక్కడ ఉంటున్నవి? చేతికి అందుతాయని పొయ్యి పైనున్న అలమరలోనే. అన్నం ఉడికే ఆవిరి దినానికి రెండు మార్లు అక్కడికే పోతుంది. పగలు పొయ్యి వేడికి సీసాలోని మూలిక నుండి నీరు ఆవిరై, రాత్రి చల్లబడి మూత అడుగున చెమ్మగా పేరుకొని మరల మూలిక మీద పడుతుంది. మంచి పదునులో ఎత్తిన సీసా కూడా ఈ విధంగా చెడుతుంది. పడక గది అల్మారాలో, బయటి గోడకు ఆనకుండా, వెలుగు సోకని అరలో ఉంచండి. ఫ్రిజ్ లో పెట్టవద్దు. తీసిన ప్రతిసారీ చల్లని ఆకుపై బయటి గాలి తేమ పేరుకుంటుంది.

ఆకులనూ రెమ్మలనూ వర్ష, వసంత ఋతువులలో సేకరించమని అదే అధ్యాయంలో ఉన్నది. కనుక వానకాలపు కోత మన పూర్వులకు తెలియనిది కాదు. శార్ఙ్గధరుడు కాలపరిమితి కూడా చెప్పాడు. ఎండు మూలిక ఒక సంవత్సరానికి గుణహీనమవుతుంది. చూర్ణమైతే రెండు నెలలకే. అందువలన మూలికను ముక్కలుగా నిలువ చేసుకొని, కావలసినప్పుడు కావలసినంతే దంచుకోవడం ఉత్తమం. ఏడాదికి సరిపడా ఒకేసారి పొడి కొట్టించి ఉంచుకొనే అలవాటు ఇటీవల మన ఇళ్లలో ప్రబలింది. పొడికి గాలి సోకే వైశాల్యం ఎక్కువ గనుక తేమ పట్టడమూ, వాసన పోవడమూ రెండూ త్వరగా జరుగుతాయి. పిప్పలి, వాయువిడంగం, బెల్లం, ధాన్యం, నేయి, తేనె పాతవి మేలని శార్ఙ్గధరుడు మినహాయించాడు. తిప్పతీగ, అడ్డసరం, శతావరి, అశ్వగంధ వంటివాటిని ఎల్లప్పుడూ పచ్చివిగానే వాడమన్నాడు. తిప్పతీగ, అడ్డసరం మా ప్రాంతంలో కంచెల మీద ఏడాది పొడుగునా దొరికేవే గనుక వాటిని ఎండబెట్టి దాచే శ్రమ మీకెందుకు? కంచెకు ప్రాకనిస్తే చాలు.

అమ్మ ఇప్పుడు రేకు డబ్బాలు వాడడం లేదు. నాలుగు గాజు సీసాలు కడిగి, బోర్లించి, ఎండలో పెట్టి ఉంచుతుంది. ప్రతి సీసా మెడకూ ఒక చీటీ దారంతో కట్టి ఉంటుంది. అందులో మూలిక పేరు, కోసిన తేదీ, మూత బిగించిన నాడు మీటరు చూపిన అంక వ్రాస్తుంది. క్రిందటి భాద్రపదం నాటి నేల ఉసిరి చీటీపై 52 అని ఉన్నది. దాని క్రింద ఆమె చేతివ్రాతతోనే మరొక పంక్తి ఉన్నది: ‘కామెర్లకు డాక్టరు చెప్పినాకనే.’